ఆట చూసి ఆటస్థలం

కార్ల్ థియోడర్ సోరెన్‌సెన్ డెన్మార్క్‌లో పేరుమోసిన ఉద్యాన రూపశిల్పి. తోటలు, పార్కులు, ఆటస్థలాలు తీర్చిదిద్దడం ఆయన వృత్తి. తాను కట్టించిన ఆటస్థలాలను గమనిస్తూ వచ్చిన ఆయనకు ఒక సంగతి బోధపడింది. పిల్లలు అన్నిచోట్లా ఆడుతున్నారు, తాను కట్టించిన చోట తప్ప. ఇల్లు లేస్తున్న జాగాలో, పాత సామాను పారేసిన ఖాళీ స్థలంలో చెక్కముక్కలూ ఇటుకలూ పోగేసి ఏదో ఒకటి కడుతున్నారు. కట్టినదాన్ని కూలగొట్టి మళ్ళీ కడుతున్నారు. మరొకరైతే ఆ జాగాలకు కంచె వేయించమని నగరపాలకులకు అర్జీ పెట్టేవారేమో. సోరెన్‌సెన్ మాత్రం 1931లో వెలువరించిన పుస్తకంలో వేరే దారి సూచించాడు. పాత కార్లు, పెట్టెలు, కలప ఒక విశాలమైన జాగాలో చేర్చి, దాన్నే పిల్లలకు ఆటస్థలంగా ఇచ్చి చూద్దామన్నాడు.

ఆ ఆలోచన నేల మీదికి దిగడానికి పన్నెండేళ్ళు పట్టింది. డెన్మార్క్ జర్మన్ సేనల ఆక్రమణలో ఉన్న 1943 ఆగస్టులో, కోపెన్‌హాగెన్‌లోని ఎమ్‌డ్రప్ అనే పేటలో కొత్తగా వెలసిన సహకార గృహసముదాయం పక్కన ‘తుక్కు ఆటస్థలం’ తెరుచుకుంది. చుట్టూ ఎత్తయిన మట్టిగట్టు. వీధిన పోయేవాళ్ళకు లోపల జరిగేది కనబడదు, లోపలి పిల్లలకు వీధి గోల పట్టదు. లోపల ఇటుకలు, పలకలు, పారలు, తోపుడుబళ్ళు. పిల్లలు గోతులు తవ్వి గుహలు చేసుకున్నారు, గుడిసెలు కట్టుకున్నారు. వాళ్ళకు తోడుగా నియమించిన జాన్ బెర్టెల్‌సెన్ ఒకప్పటి నావికుడు, ఆ తర్వాత చిన్నపిల్లల బడుల్లో పనిచేయడానికి శిక్షణ పొందినవాడు. పిల్లలకు తాను ఏదీ నేర్పబోనని ఆయన నియమం పెట్టుకున్నాడు. సామాను సమకూర్చడం, అవసరపడ్డప్పుడు దగ్గరుండడం, మిగతా వేళల్లో అడ్డం రాకపోవడం ఆయన ఉద్యోగం. తన చేతి మీదుగా జరిగిన పనులన్నిటిలో ఈ తుక్కు ఆటస్థలమే అన్నిటికన్నా వికారంగా ఉంటుందనీ, తన కంటికి మాత్రం అన్నిటికన్నా అందమైనది అదేననీ సోరెన్‌సెన్ తర్వాత చెప్పుకున్నాడు. అందం సృష్టించడమే బతుకుగా ఉన్న మనిషి నోట ఈ మాట రావడం చిన్న విషయం కాదు.

1946లో మార్జరీ అలెన్ అనే బ్రిటిష్ ఉద్యాన రూపశిల్పి నార్వే వెళ్తూ దారిలో ఎమ్‌డ్రప్ చూసింది. లండన్ తిరిగివచ్చి, బాంబులు పడి శిథిలమైన ఖాళీ జాగాలను ఇలా వాడుకోవచ్చు కదా అని పత్రికలో రాసింది. ఆ తర్వాతి ఏళ్ళలో లండన్‌లో అటువంటివి ఒక్కొక్కటే వెలిశాయి. ఇంగ్లండులో వాటికి ‘సాహస ఆటస్థలాలు’ అని పేరు పెట్టారు, తుక్కు అంటే ఇరుగుపొరుగులు ఒప్పుకోరని.

మరి అన్ని హంగులూ ఉన్న పార్కులో లేనిది ఇటుకల కుప్పలో ఏముంది? అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ గిబ్సన్ 1979లో వచ్చిన తన చివరి పుస్తకంలో దీనికి పనికొచ్చే ఒక ఆలోచన విస్తరించి రాశాడు. ఏ ప్రాణి అయినా తన చుట్టూ ఉన్నవాటిని చూసేటప్పుడు, వాటితో తన ఒంటికి ఏం చేయడం సాధ్యమో దాన్నే ముందుగా చూస్తుందన్నాడు. మోకాలెత్తు గోడ పెద్దవాళ్ళకు కూచోవడానికి ఆస్కారం ఇస్తుంది. అదే గోడ నాలుగేళ్ళ పిల్లకు నడుము దాకా వస్తుంది కాబట్టి ఎక్కడానికి, దుకాణం బల్లగా వాడి ఇసుక అమ్మడానికి, వెనక నక్కడానికి ఆస్కారం ఇస్తుంది. ఏడేళ్ళవాడికి అది పైన నడిచి చివరినుంచి దూకే చోటు. గోడ ఒకటే, దాన్ని చూసే ఒళ్ళు వేరు. 1988లో హ్యారీ హెఫ్ట్ అనే పరిశోధకుడు దీన్ని పిల్లల పరిసరాలకు అన్వయించాడు. చెట్టు, మెట్టు, గుట్ట అని వస్తువుల పేర్లు రాసుకోకుండా ఎక్కదగినవి, జారదగినవి, దూరి దాక్కోదగినవి, చేత్తో పట్టి విసరదగినవి, పిసికి రూపం మార్చదగినవి అని ఒక పట్టిక తయారుచేశాడు.

ఈ పట్టిక పుచ్చుకుని ఏ పార్కుకు వెళ్ళినా లెక్క తేలిపోతుంది. కాటలాగులో ‘బహుళ వినియోగ ఆట పరికరం’ అని ఉన్న లక్షల రూపాయల ఇనుప కట్టడంలో చేయదగిన పనులు మూడో నాలుగో ఉంటాయి: మెట్లెక్కడం, వంతెన దాటడం, జారడం. వాటిని కూడా ఒక వరసలోనే చేయాలి. పిల్లలు పది నిమిషాల్లో వాటి అంతు చూసేస్తారు. అప్పుడు మొదలవుతుంది అసలు ఆట. జారుడుబల్ల కింది వైపునుంచి పైకి పాకుతారు. ఉయ్యాల గొలుసులు పురిపెట్టి వదిలి గిర్రున తిరుగుతారు. మెట్ల కింద ఉన్న ఇరుకులో ముగ్గురు దూరి సంసారం పెడతారు. “అలా కాదు, ఇటునుంచి రావాలి” అని బెంచీ మీద నుంచి పెద్దవాళ్ళ కేక వినబడుతుంది. ఆ పిల్లలు పరికరాన్ని తప్పుగా వాడుతున్నారని మనం అనుకుంటాం. రూపకర్త మరిచిపోయిన ఆస్కారాలను వాళ్ళు వెతికి పట్టుకుంటున్నారు. ఆటస్థలం గీయబోయేవాడు అన్నిటికన్నా శ్రద్ధగా చూడవలసింది ఈ ‘తప్పు’ వాడకాలనే.

ఒక ఊరంతా ఈ పద్ధతిలో ఆలోచిస్తే ఎలా ఉంటుందో చూపించింది ఆమ్‌స్టర్‌డామ్. యుద్ధం ముగిసేసరికి ఆ నగరంలో ఇళ్ళ మధ్య పిల్లలకు చోటు లేదు. ఇళ్ళు కూలి మిగిలిన ఖాళీలు, రోడ్లు కలిసే మూలలు మాత్రం చాలా ఉన్నాయి. నగర ప్రణాళిక శాఖలో యాకోబా ముల్డర్ కింద పనిచేస్తున్న ఆల్డో వాన్ ఐక్ అనే యువ వాస్తుశిల్పికి 1947లో బెర్టెల్‌మాన్‌ప్లెయిన్ అనే చిన్న కూడలి అప్పజెప్పారు. ఆయన పెట్టినవి చాలా తక్కువ. వెడల్పాటి కాంక్రీటు అంచుతో ఒక ఇసుకగుంట, అందులో నాలుగు గుండ్రటి రాళ్ళు, పల్టీలు కొట్టడానికి ఇనుప కమ్మీలు, చెట్లు, బెంచీలు. చుట్టూ కంచె లేదు. వీధి నడుస్తూ నడుస్తూనే ఆటస్థలంలోకి వచ్చేస్తుంది. అది చూసిన ఇతర వీధులవాళ్ళు తమకూ కావాలని నగర కార్యాలయానికి ఉత్తరాలు రాశారు. 1978 నాటికి వాన్ ఐక్ 700కు పైగా ఆటస్థలాలు గీశాడు. ఒక్కో జాగా ఆకారాన్ని బట్టి ఒక్కోటీ వేరుగా గీశాడు, సామాను మాత్రం ఇంచుమించు అదే.

ఏనుగు ఆకారపు జారుడుబల్ల, గుర్రం ఆకారపు ఊగుడు బొమ్మ ఆయనకు గిట్టేవి కావు. ఏనుగుగా చేసి ఇచ్చినదాన్ని పిల్లలు ఏనుగుగానే చూడాలి. ఇనుప కమ్మీలను అర్ధగోళంగా వంచి నిలబెట్టిన ఆయన ‘గుమ్మటం’ మీద కూచుంటే అది కొండ, లోపల దూరితే ఇల్లు, పైన గుడ్డ కప్పితే గుడారం. నలుగురు కూచుని కబుర్లు చెప్పుకోవడానికీ బాగుంటుంది. పెద్దవాళ్ళకు ఖాళీగా, బోసిగా కనబడే ఆకారంలో పిల్లలకు పని ఎక్కువ ఉంటుంది. మన పార్కుల్లో డబ్బంతా ఎటు పోతున్నదో చూస్తే, కొనేవాళ్ళు ఈ తేడా గమనించడం లేదని తెలుస్తుంది.

అయితే వాన్ ఐక్ కూడా ఒకచోట పిల్లల కన్నా తన కంటిని ఎక్కువగా నమ్మాడు. ఒకదాని మీదినుంచి మరొకదాని మీదికి దూకడానికి ఆయన పరిచిన రాళ్ళ మధ్య ఎడం చాలాచోట్ల సమానంగా ఉంటుంది. పైనుంచి చూస్తే ఆ క్రమం అందంగా ఉంటుంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని పట్టుకుని ఒక చక్కటి ప్రయోగం చేశారు. పిల్లలకు దూకడానికి దిమ్మెలిచ్చి, మీకిష్టమైనట్టు అమర్చుకోండన్నారు. 2015లో వెలువడిన ఫలితం ప్రకారం, పిల్లలు సమాన దూరాల్లో అమర్చుకోలేదు. ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా పెట్టుకున్నారు. కష్టమైన దూకుడు పక్కన తేలిక దూకుడు ఉండాలి, ఈ రోజు దాటలేనిది రేపటికి మిగలాలి. నిచ్చెన మెట్లు సమాన దూరంలో ఉంటే పిల్ల కాలు ఎక్కడ వేయాలో చూసుకోనక్కరలేకుండా పోతుందని, ఆ అజాగ్రత్త తర్వాత ఎగుడుదిగుడు దారిలో అపాయం తెస్తుందని డానిష్ ఉద్యాన రూపశిల్పి హెల్లె నెబెలాంగ్ కూడా చెబుతూ వచ్చింది. చెట్టు కొమ్మలు ఎన్నడూ సమాన దూరంలో ఉండవు. కోతికొమ్మచ్చి ఆడిన ప్రతివాడి కాళ్ళకూ చేతులకూ ఆ లెక్క తెలుసు.

మన ఆటలను ఈ కళ్ళతో ఒకసారి చూడాలి. కోతికొమ్మచ్చికి కిందికి వంగిన కొమ్మలున్న చెట్టు చాలు. నేలా బండా ఆటకు ఎత్తుపల్లాలు కావాలి, అరుగో మెట్టో రాయో ఉంటే సరి. దాగుడుమూతలకు మూలలు, మలుపులు, చాటు కావాలి. తొక్కుడు బిళ్ళకు గీత పడే నేల, ఒక పెంకుముక్క. ఏడు పెంకులాటకు పేరులోనే సామాను ఉంది. అచ్చనగాయలకు అయిదు గులకరాళ్ళు, వామనగుంటలకు గుప్పెడు చింతగింజలు. వీటిలో ఏదీ నేలకు బిగించిన వస్తువు మీద ఆధారపడదు. చేతికి దొరికే చిన్న చిన్న వస్తువులు, కాస్త ఎగుడుదిగుడు నేల, కాస్త నీడ ఉంటే చాలు. చదునుగా సిమెంటు చేసి, టైల్సు పరిచి, ‘పచ్చికపై నడవరాదు’ అని బోర్డు పెట్టిన పార్కులో ఈ ఆటల్లో సగానికి పైగా చోటే లేదు. పిల్లలు పాత ఆటలు మరిచిపోయారని వాపోయేముందు, ఆ ఆటలు ఆడే నేల మిగిల్చామా అని అడగాలి.

బ్రిటిష్ కళాకారుడు సైమన్ నికల్సన్ 1971లో రాసిన వ్యాసంలో ఇదే విషయాన్ని ఒక సిద్ధాంతంగా పెట్టాడు. ఏ చోటైనా అక్కడ మనుషులు ఎంత కొత్తగా ఆలోచించగలరన్నది, అక్కడ కదిలించి మార్చదగిన వస్తువులు ఎన్ని, ఎన్ని రకాలు ఉన్నాయన్న దాని మీద ఆధారపడి ఉంటుందన్నాడు. వాటికి ‘విడి భాగాలు’ అని పేరు పెట్టాడు. రూపకర్తలు కల్పనలో ఉన్న ఆనందమంతా తామే అనుభవించేసి, పూర్తయిన వస్తువును పిల్లలకు అప్పజెప్పి మోసం చేస్తున్నారన్నది ఆయన ఆరోపణ. మాట కటువుగా ఉన్నా నాకు న్యాయంగానే తోస్తుంది. ఇల్లు కడుతున్న ప్రతి వీధిలోనూ లారీ ఇసుక దింపిన సాయంత్రం ఏం జరుగుతుందో తెలుగువాళ్ళలో ఎవరిని అడిగినా చెబుతారు. తడి ఇసుకలో పాదం దూర్చి, పైన తట్టి, మెల్లగా కాలు తీసి పిచ్చుకగూడు కడతారు. రెండు వైపులనుంచి సొరంగం తవ్వుతూ లోపల చేతులు తగిలే క్షణం కోసం కాచుకుంటారు. ఆ ఇసుక రూపం మారుతుంది, నీళ్ళు పోస్తే గట్టిపడుతుంది, ఎండితే రాలుతుంది. పదార్థం గురించి చేతులు నేర్చుకునే మొదటి పాఠం అక్కడే. పైగా రెండేళ్ళ పిల్లకూ పదేళ్ళ పిల్లకూ ఒకే కుప్పలో తమ తమ పని దొరుకుతుంది. ఆస్తిపన్నుతో నడిచే పార్కులో ఒక లారీ ఇసుక, పక్కన ఒక కుళాయి పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? వారం వారం దాన్ని తిరగవేసి, కుక్కలు పాడుచేయకుండా రాత్రిపూట టార్పాలిన్ కప్పే మనిషి కావాలి, నిజమే. ఆ జీతం కూడా ఆటస్థలం ఖర్చులో భాగంగా మొదటే రాసుకోవాలి.

ఎండ సంగతి విడిగా చెప్పాలి. చల్లటి దేశాల కోసం గీసిన ఆటస్థలాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి ఖమ్మంలోనో రెంటచింతలలోనో దింపితే, ఏప్రిల్ మధ్యాహ్నం ఆ జారుడుబల్ల మీద చేయి పెట్టలేం. ఇనుమే కాదు, ఎండ తగిలే ప్లాస్టిక్కు, నేల మీద పరిచే ముదురు రంగు రబ్బరు పలకలు కూడా చిన్నపిల్లల చర్మం కాల్చేంత వేడెక్కుతాయి. మన దగ్గర ఆటస్థలం పటంలో మొట్టమొదట గీయవలసినది నీడ. వేపో కానుగో ఉన్నచోట ఇసుకగుంట పెట్టాలి, చెట్టు కొట్టి పరికరం పెట్టకూడదు. జారుడుబల్ల ఉత్తరానికి ముఖం పెట్టాలి. వేసవిలో పిల్లలు ఆడేది పొద్దున్నే, మళ్ళీ పొద్దువాలాక. కాబట్టి గేటు తాళం వేసే వేళ, దీపాలు వెలిగే వేళ కూడా రూపకల్పనలో భాగమే.

ఇక దెబ్బల మాట. నార్వేకు చెందిన ఎలెన్ శాండ్‌సేటర్ చిన్నపిల్లల బడుల్లో పిల్లలను చూసి, పిల్లలతోనూ ఉపాధ్యాయులతోనూ మాట్లాడి, 2007లో వాళ్ళ ‘తెగింపు ఆటల’ను ఆరు రకాలుగా విడదీసింది: ఎత్తులు, వేగం, ప్రమాదకరమైన పనిముట్లు, నీరూ నిప్పూ వంటివాటి దాపున ఆడడం, కలబడి దొర్లడం, పెద్దల కంటికి దూరంగా తప్పిపోయినట్టు తిరగడం. భయమూ సరదా కలిసిన ఆ అనుభవాన్ని పిల్లలు కావాలని వెతుక్కుంటారు. కొద్ది కొద్దిగా భయాన్ని ఎదుర్కోవడంతో వయసుతో పాటు వచ్చే సహజ భయాలు సద్దుమణుగుతాయని ఆమె సహపరిశోధకుడితో కలిసి తర్వాత వాదించింది. ఎత్తు తీసేస్తే ఆ కోరిక పోదు. నీళ్ళ ట్యాంకు నిచ్చెన మీదికో, అపార్టుమెంటు టెర్రసు పిట్టగోడ మీదికో మళ్ళుతుంది. పిల్లకు కంటికి కనబడి, తనే అంచనా వేసుకోగల అపాయం ఒకటి. కనబడని అపాయం మరొకటి: తుప్పుపట్టి విరగబోయే గొలుసు, పైకి లేచిన మేకు, తల ఇరుక్కునే సందు, ఎత్తు కింద పరిచిన కాంక్రీటు. రెండోదాన్ని పూర్తిగా తొలగించడం రూపకర్త బాధ్యత. మొదటిదాన్ని మిగల్చడం కూడా అతని బాధ్యతే. యూరప్ ప్రమాణాలు సైతం సరైన మెత్తటి నేల ఉంటే మూడు మీటర్ల ఎత్తు దాకా అనుమతిస్తాయి. ఉయ్యాల విషయంలో అమెరికా మార్గదర్శకాల లెక్క గుర్తుపెట్టుకోదగినది. గొలుసు వేలాడే కమ్మీ ఎంత ఎత్తున ఉందో దానికి రెట్టింపు దూరం ముందూ వెనకా ఖాళీ వదలాలి. ఉయ్యాల మీదున్నవాడికే కాదు, దాని ముందుగా పరుగెత్తే చిన్నపిల్లకు కూడా దెబ్బ గట్టిగా తగులుతుంది. అందుకే ఉయ్యాలలను దారికి దూరంగా, ఒక ఓరన కట్టాలి.

పిల్లలంటే అందరూ ఒకటి కారని వియన్నా నగరం ఆలస్యంగా గుర్తించింది, గుర్తించాక చక్కగా దిద్దుకుంది. 1990ల మధ్యలో అక్కడ చేసిన పరిశీలనలో, తొమ్మిది పదేళ్ళు దాటగానే పార్కులకు వచ్చే ఆడపిల్లల సంఖ్య గబగబా పడిపోతోందని తేలింది, మగపిల్లలు అలాగే వస్తున్నారు. చోటు కోసం పోటీ వచ్చినప్పుడు ఆడపిల్లలు తప్పుకుంటున్నారు. నడుమ ఒకటే పెద్ద మైదానం ఉంటే, బంతి ఎవరి దగ్గర ఉంటే మైదానం వాళ్ళదే. 1999లో మార్గరెటెన్ పేటలోని రెండు పార్కులను తిరగదిద్దారు. పెద్ద ఖాళీని చిన్న చిన్న భాగాలుగా విడదీశారు, బంతాట కంచెలకు ఒక ద్వారం బదులు ఎక్కువ దారులు పెట్టారు, వాలీబాల్, బ్యాడ్మింటన్‌లకు చోటిచ్చారు, కాలిబాటలు సరిచేశారు. ఆడపిల్లలు తిరిగి వచ్చారు. మన ఊళ్ళలో హైస్కూలు మైదానం సాయంత్రం ఎవరితో నిండి ఉంటుందో చూడండి. క్రికెట్ వికెట్లు పాతిన ఆ నడిమి చోటు దాటి ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి ఎక్కడ కూచోగలదు? గుంపుగా కూచోగల మెట్లు, చాటుగా ఉన్నా బాటమీద వెళ్ళేవాళ్ళకు కనబడే అరుగు, తాళం ఉన్న శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోతే ఆ మైదానం సగం పిల్లలకే కట్టినట్టు.

చూస్తూ నిలబడే పిల్లలను కూడా లెక్కలో ఉంచుకోవాలి. మిల్డ్రెడ్ పార్టెన్ 1932లోనే చిన్నపిల్లల ఆటను వర్గీకరిస్తూ, పక్కన నిలబడి ఇతరుల ఆట చూడడానికి వేరే వర్గం కేటాయించింది. కొత్తగా వచ్చిన పిల్ల నేరుగా ఆటలోకి దూకదు. అంచున నిలబడుతుంది, నియమాలు అర్థం చేసుకుంటుంది, బంతి తన వైపు దొర్లితే అందించి మెల్లగా చేరుతుంది. వాన్ ఐక్ ఇసుకగుంట అంచు అంత వెడల్పుగా ఉండడానికి ఇదీ ఒక ప్రయోజనమే.

గీయడానికి ముందు చూడాలంటే ఎలా చూడాలి? అమెరికాలో రాబిన్ మూర్ వంటివారు దీనికి ఒక తేలిక పద్ధతి స్థిరపరిచారు. స్థలం పటం చేతిలో పెట్టుకుని, వేర్వేరు వేళల్లో, ఏ పిల్ల ఎక్కడ ఏం చేస్తోందో చుక్కలుగా గుర్తు పెడతారు. కొన్నాళ్ళకు చుక్కలు గుంపులు కడతాయి, కొన్ని ఖరీదైన మూలలు ఖాళీగా మిగులుతాయి. మనుషులు లేనప్పుడు కూడా స్థలం మాట్లాడుతుంది. గడ్డి అరిగి బాట పడిన చోటు, చేతుల రాపిడికి మెరుస్తున్న కమ్మీ, గోడ మీద బొగ్గుతో గీసిన వికెట్లు ఇవన్నీ సాక్ష్యాలే. మీకేం కావాలని పిల్లలను అడిగితే అంతకుముందు చూసినవాటి పేర్లే చెబుతారు, అడగడం కన్నా వెంట నడవడం మేలు. భూగోళ శాస్త్రవేత్త రోజర్ హార్ట్ 1970లలో వెర్మాంట్‌లోని ఒక చిన్న ఊరి పిల్లల వెంట నడిచి, వాళ్ళు తమ చోట్లు చూపిస్తుంటే రాసుకున్నాడు. పెద్దవాళ్ళ పటాల్లో లేని దొంగదారులు, దాక్కునే చోట్లు, వాటికి పిల్లలు పెట్టుకున్న పేర్లు బయటపడ్డాయి. పంచాయతీలో ఆటస్థలానికి తీర్మానం చేసేముందు ఒక ఉపాధ్యాయురాలు అయిదో తరగతి పిల్లల వెంట ఒక ఆదివారం ఊరంతా తిరిగితే, ఏ గుత్తేదారు కాటలాగులోనూ దొరకని సమాచారం దొరుకుతుంది.

డబ్బు సంగతి కూడా దీనికి తగ్గట్టు మారాలి. ఇప్పుడు మంజూరైన సొమ్మంతా ప్రారంభోత్సవం నాటికి ఖర్చయిపోతుంది, ఆ తర్వాత విరిగిన గొలుసు మార్చడానికి కూడా పద్దు ఉండదు. మూడోవంతయినా పక్కన పెట్టాలి. మొదట నీడ, నీళ్ళు, ఇసుక, రెండు మూడు ఎత్తులు, కూచునే అరుగులు మాత్రం ఏర్పాటు చేయాలి. ఒక వేసవి, ఒక వానాకాలం గడవనివ్వాలి. నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో, ఏ గోడ మీద నడుస్తున్నారో, ఎక్కడ గోలీల గుంటలు పడ్డాయో, ఎవరు రావడం మానేశారో రాసుకుని, మిగిలిన డబ్బుతో అప్పుడు రెండో విడత పని మొదలుపెట్టాలి.